పేరులోనే వేప

మిరియం మా ఇంటికొచ్చి పదకొండు రోజులు.
చూళై సందులో, పాల బూత్ వెనక,
తడిసిన అట్టపెట్టెలో దొరికింది.
అరచేతికి కాస్త ఎక్కువ, చెప్పుకి కాస్త తక్కువ.
ఒళ్ళంతా నలుపు, ముక్కు మీద మాత్రం
సున్నం వేలితో ఎవరో తాకినట్టు ఒక చుక్క.

పేరు పెట్టింది కుముద.
పాలు పోసింది నేను.
వైద్యం మొదలుపెట్టింది చెంగమ్మత్త.

మొదటి రోజు వేపాకు కాచిన నీళ్ళు.
రెండో రోజు గోమార్లు పట్టిన చోటల్లా
పసుపూ కొబ్బరినూనే.
మిరియం పచ్చబడింది, మా దుప్పట్లూ పచ్చబడ్డాయి.
మూడో రోజు కడుపులో పురుగులకని
అన్నంలో వెల్లుల్లి నూరి కలిపింది.
అది మూతి పెట్టలేదు.
"గింజంత లేదు, పొగరు చూడు" అని
మర్నాడు బెల్లం చేర్చి చూసింది.

పార్వో అన్న మాట నాకు చెప్పింది ఎదురింటి సెల్వి.
పోయిన వానల్లో వాళ్ళ కుక్కపిల్లలు రెండూ
శుక్రవారం తిండి మానేశాయి,
ఆదివారం గోనెసంచిలో వెళ్ళాయి.
చెబుతూ చెబుతూ సెల్వి కొళాయి కట్టేసింది
బిందె నిండకుండానే.

"టీకా వేయిద్దాం అత్తా, వేపేరిలో."
"పేరులోనే వేప పెట్టుకుని
సూదులు పొడుస్తారేం వాళ్ళు?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
"వీధి కుక్కలకి ఎవడు పొడిచాడు? బతకట్లేదా?"
"చచ్చినవి మనకి కనబడవు కదత్తా,
తెల్లారకముందే బండి ఎత్తుకుపోతుంది."

ఆ రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో నా చెయ్యి లాక్కుని
తన బొడ్డు పక్కన పెట్టుకుంది.
"ఇక్కడ. పద్నాలుగు. రోజుకొకటి.
నెల్లూరు పెద్దాసుపత్రి. నాకప్పుడు ఏడేళ్ళు.
కాళ్ళు పట్టుకుంది మా నాన్నే,
మొహం అటు తిప్పుకుని.
దీని కడుపు చూడు, నా గుప్పెడు లేదు."

"ఇప్పుడు కడుపులో కాదత్తా,
మెడ వెనక తోలు లాగి ఒక్క పోటు" అన్నాను.
కుముద మధ్యలో దూరింది:
"ఆ కుక్క నిన్నొక్కదాన్నే కరిచిందా నానమ్మా?"

అత్త చాలాసేపు విసనకర్ర విసురుకుంది.
"చిన్నోడికి గీరే కదా అని
పసరు పోశారు."

కరెంటు వచ్చింది.
ఎవరమూ లేచి ఫ్యాను వేయలేదు.

వేపేరిలో మా ముందు ఒక మేక,
చేతిసంచిలో కూర్చున్న బొచ్చు కుక్క,
అరవంలో తిట్టే చిలక.
చీటీ రాసే అతను మిరియం అంటే
మేరీమాత పేరనుకుని
ఇంగ్లీషులో అలాగే అక్షరాలు వేశాడు.
ప్రెస్సులో రోజంతా తప్పులు దిద్దే మనిషిని,
దాన్ని దిద్దలేదు.

డాక్టరమ్మది మహా అయితే పాతికేళ్ళ వయసు.
వేప నీళ్ళు? పోయండి, కళ్ళలో పడనీకండి.
పసుపు? సరే, టీకా పని మాత్రం అది చెయ్యదు.
వెల్లుల్లి? అయ్యో, కుక్కలకి విషమండీ.
అత్త తల వంచుకుంది
మూడో లెక్క తప్పిన బడిపిల్లలా.
మిరియం తినలేదని చెప్పాను.
బెల్లం సంగతి చెప్పలేదు.

"గట్టిగా ఎవరు పట్టుకుంటారు?"
నేను చెయ్యి చాచేలోపే
అత్త కొంగు దోపుకుని ముందుకొచ్చింది.
ముందు కాళ్ళు ఒక చేత్తో, గడ్డం ఒక చేత్తో.
సూది దిగింది. మిరియం చీమంత కుయ్యిమంది.
అత్త మొహం తిప్పుకోలేదు.

మూడు వారాల తర్వాత మళ్ళీ రావాలి,
ఆ తర్వాత మళ్ళీ, ఆ తర్వాత పిచ్చికుక్క టీకా.
కార్డులో ఖాళీ గళ్ళు.
అత్త దాన్ని రేషన్ కార్డు సంచిలో పెట్టింది,
తాళం వేసింది.

బయటికొస్తూ గోడ పక్కన వంగిన కొమ్మ నుంచి
గుప్పెడు వేపాకు దూసి కొంగున కట్టుకుంది.
నేనేమీ అనలేదు.

నూరి ఉంచిన వెల్లుల్లి అంతా
ఆ రాత్రి మా చారులోకి వచ్చింది.
ఘాటుకి కుముద కళ్ళు తుడుచుకుంది.
అత్త కూడా.